తెలీనోడు కూచోవల్ల

ఆయన పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనే చదువుకున్నాను.

గార్లదిన్నె క్రాసులో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. చదువు వచ్చినప్పటి నుంచి నాకొక రోగం పట్టుకుంది. కనబడ్డ అక్షరాన్ని వదలలేను. ఎరువుల అంగడి బోర్డు, లారీ వెనక రాసిన పేర్లు, సున్నం కింద సగం మిగిలిన పాత ఎన్నికల రాతలు, అన్నీ కావాలి నాకు. ఆ ఫ్లెక్సీలో మొదటి మాటే పెద్ద చిక్కు. శ కింద ర ఉంది. ద కింద ధ ఉంది, దానికి దీర్ఘం. పక్కన సున్న. నోటితో పలకందే చదవడం నాకు చేతకాదు. కూడబలుక్కుని "శ్రద్ధాంజలి" అనేసరికి పక్కన బైకు మీద కూర్చున్నతను తిరిగి చూసి, "ఏం తాతా, పరీక్షలు దగ్గరికొచ్చినాయా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కింది పేరు చదివాను.

ఫోటో ముందే చూశాను కానీ అది మా సారుదని అనుకోలేదు. ముఖం తెల్లగా చేసి, ఒంటికి కోటు తొడిగారు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి కోటు వేసుకోలేదు. కళ్ళద్దాలకు దారం లేదు. చేతిలో బుడ్డలు లేవు. ముఖం చూసి గుర్తుపట్టలేక, ఆయన బళ్ళో నేర్చుకున్న అక్షరాలతో ఆయన పేరు చదివి గుర్తుపట్టాను. దానికి ఎంత సిగ్గేసిందంటే, వచ్చిన బస్సు ఎక్కడం కూడా మరిచిపోయాను.

ఫ్లెక్సీ అడుగున అనంతపురంలో ఉన్న ఒక పెద్ద కాలేజీ గుర్తు అచ్చేసి ఉంది. ఈయన శ్రద్ధాంజలికీ వాళ్ళకూ ఏం సంబంధమో ఆ రోజు నాకు తెలియలేదు.

బుడ్డలంటే శెనక్కాయలే. మా వైపు అట్లే అంటాం. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన బుడ్డలు ఉండేవి. పిల్లలు పాఠం చెబుతుంటే ఒకటొకటే తీసి, గోటితో నొక్కి, పలుకు నోట్లో వేసుకుని, పొట్టు మళ్ళీ జేబులోనే వేసుకునేవాడు. తన కోసం ఇంకొకరు చీపురు పట్టడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. పిల్లలు ఆయన ముఖం చూసేవాళ్ళు కాదు, వేళ్ళు చూసేవాళ్ళు. వేళ్ళు ఆడుతున్నంతసేపూ పాఠం సక్రమంగా పోతున్నట్టు. బుడ్డ చిట్లిన చప్పుడు ఆగిపోయిందంటే ఎక్కడో దారి తప్పినట్టు. "తప్పు" అనే మాట ఆయన నోట నేను వినలేదు. "ఇంగో దావన చెప్పు" అనేవాడు. అంతే. ఒక దారిన పోలేకపోతే ఇంకో దారిన రమ్మని.

ఆయన బడి మూతబడ్డ నూనెమిల్లు షెడ్డులో నడిచేది. ఎండ ముదిరితే గోడల్లోంచి నూనె తీయగా మిగిలే శెనగచెక్క వాసన వచ్చేది. హైస్కూలు, దానిపైన ఇంటరు రెండేళ్ళు. పిల్లల్ని కాలేజీకి తయారుచేసి పంపడమే దాని పని. పిల్లలు తక్కువ. ర్యాంకుల బోర్డు లేదు. అసలు బోర్డే సరిగ్గా లేదు, మిల్లు పేరు చెరిపి దానిమీదే రాశారు, వాన పడ్డప్పుడల్లా కింది నుంచి మిల్లు పేరు పైకి తేలేది. మా తట్టు వానలు తక్కువ కాబట్టి బడి పేరు చాలావరకు కనబడేది.

నా కూతురిని అక్కడ చేర్చింది ఏదో తెలిసి కాదు. అంతకుముందు టౌనులో పెద్ద బళ్ళో వేశాను. గొప్పకు వేశాను. అక్కడ గదికి బస్సుకు పట్టనంత మంది. సంవత్సరం తిరిగి వచ్చేసరికి పిల్ల మాట్లాడడం మానేసింది. ఏమడిగినా తల ఊపేది. ఒకరోజు ఫీజు కట్టడానికి పోయి, నా కూతురికి పాఠం చెప్పే సారును పట్టుకుని పిల్ల ఎట్లా చదువుతోందని అడిగాను. "నంబరు చెప్పండి" అన్నాడు. నాకు నంబరు తెలియదు. ఆయనకు పేరు తెలియదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎవరి దారిన వాళ్ళం పోయాం. మరుసటేడు పిల్లను తెచ్చి, ఊరికి దగ్గరని, నడిచిపోవచ్చని, ఈ మిల్లు బళ్ళో వేశాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. ఏ బళ్ళోనైనా తెలియనోణ్ణి నిలబెడతారు. ఈయన దగ్గర తెలియనోడు కూర్చుంటాడు, తెలిసినోడు నిలబడతాడు. కూర్చున్నోడికి అర్థమయ్యేదాకా నిలబడ్డోడు చెబుతూనే ఉండాలి. "తెలీనోడు కూచోవల్ల. వానికేం తొందర? నిలబడినోనికి కదా కాళ్ళు నొచ్చేది" అనేవాడు. శనివారం శనివారం ఇంటివాళ్ళు రావాలి. వచ్చి వెనక బెంచీలో కూర్చోవాలి. పిల్లలు ఆ వారం పాఠం సారుకు కాదు, మాకు ఒప్పజెప్పాలి.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నా కూతురు ఇంట్లో చెప్పలేదు.

ఒకరోజు చేనులో గడ్డి పీకుతుంటే గట్టు మీద పాత మోపెడు ఆగింది. పొడుగ్గా, ఎండిన కట్టెలాగా ఒకాయన దిగాడు. కళ్ళద్దాలు దారంతో మెడకు కట్టుకున్నాడు.

"నువ్వేనా అన్నా, ఇంటరు పాప వాళ్ళ నాయన?"

"నేనే సార్."

ఆయన చేను చూశాడు, గొర్రెలు చూశాడు, నెత్తిన ఎండ చూశాడు. "బెంగుళూరు బలే ఉండాదే. ఇంత దగ్గరని నాకు తెలీదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మా నాయన బెంగుళూరులో పని చేస్తాండాడు, రాలేడు అని చెప్పింది నీ కూతురు. బళ్ళో చేరినప్పటి నుంచి శనివారం శనివారం నువ్వు ఆడ్నే ఉంటాండావు."

చేతిలోని గడ్డి అవతల పడేసి, "అబద్ధాలు నేర్చిందా సార్ అది? సాయంత్రం ఇంటికి రానీ, తోలు ఒలుస్తా" అన్నాను.

"ఎందుకప్పా? నిన్ను చూసి సిగ్గుపడి కాదు చెప్పింది. ఆడ అందరి ముందర నిన్ను ఎవరన్నా ఏమన్నా అంటే ఆ పాప చూసి ఓర్చుకోలేదు. అందుకని దాచిపెట్టుకునింది. దాచేది కూడా మంచి ఊర్లో దాచింది."

"నాకు చదువు రాదు సార్. నేనొచ్చి ఏం చేస్తా?"

"చదువొచ్చినోళ్ళు నాకొద్దన్నా. బళ్ళో అందరికీ అంతో ఇంతో వస్తాది. రానోళ్ళు లేక పిల్లోళ్ళు ఎవురికి చెప్పల్ల? ఒకరికొకరు తల ఊపుకుంటా కూచుంటాండారు. ఇట్లయితే రేపు కాలేజీలో ఏం చేస్తారు? నువ్వు శనివారం బెంగుళూరు నుంచి రా."

గుప్పెడు బుడ్డలు నా చేతిలో పోసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నేను పిల్లను ఏమీ అనలేదు. ఆమె నా చేతిలో బుడ్డలు చూసింది. ఎక్కడివో అడగలేదు.

మొదటి శనివారం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. వెనక బెంచీ పిల్లల కొలతకు చేసింది, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నా పక్కన కూలికి పోయే ఒకామె, రవికె మీద మొగుని చొక్కా తొడుక్కుని, పని నుంచి నేరుగా వచ్చినట్టుంది. సారు ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏ పాఠం చెప్పమంటావో నువ్వే చూసి చెప్పన్నా."

నాకు చిన్నప్పటి నుంచి అలవాటైన మాట ఒకటుంది. బస్సు బోర్డు చదవమన్నా, బ్యాంకులో కాగితం ఇచ్చినా అదే మాట. అదే చెప్పాను. "కళ్ళద్దాలు ఇంటికాడ మర్చిపోయినా సార్."

ఆయన మెడలోని దారం విప్పి, తన కళ్ళద్దాలు నా చేతికిచ్చాడు.

ఏం చేయాలి? పెట్టుకున్నాను. పుస్తకం మీద చీమలు ఈదుతున్నట్టుంది. కాసేపు చూసినట్టు చూసి, "నాకు సరిపోలా సార్" అన్నాను.

"నాకూ సరిపోవు. కొత్తవి చేయించల్ల" అని తీసుకుని మళ్ళీ మెడకు కట్టుకున్నాడు. "సరే, పాపే చెప్తాది."

పక్కనామె నా వైపు వంగి, నాకు మాత్రమే వినబడేట్టు, "నావి కూడా ఇంటికాడే ఉండాయన్నా" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నా కూతురు లేచి నిలబడి సగటు గురించి చెప్పింది. సగటు వర్షపాతం. గుక్క తిప్పుకోకుండా, నేల చూస్తూ చెప్పింది. అయిపోయాక సారు నన్నడిగాడు, "అర్థమయిందా అన్నా?"

"అయింది సార్."

బుడ్డ చిట్లడం ఆగిపోయింది.

"ఏమర్థమయింది?"

"వాన... సగటుగా పడతాది అని."

పిల్లలు నవ్వారు. నా కూతురు మెడ ఇంకా కిందికి పోయింది. బెంగుళూరులోనే ఉండిపోయుంటే బాగుండేది అనిపించింది నాకు. సారు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికొచ్చి బెంచీ అంచున కూర్చున్నాడు. గొంతు తగ్గించి, "అన్నా, నీకు అర్థమయిందంటే ఆ పాప కూచుంటాది. అర్థం కాలేదంటే ఇంకా చెప్తాది. నువ్వు మర్యాదకు తల ఊపితే ఆ పాపకు నష్టం. నిజం చెప్పు" అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఆ మాట నలుగురిలో అన్నాను. "తెలీలే."

"వినిపించలా అన్నా."

"తెలీలే సార్. నాకు తెలీలే."

సారు నా కూతురి వైపు తిరిగి, "ఇంగో దావన చెప్పుమ్మా" అన్నాడు.

ఆమె చాలాసేపు ఊరికే నిలబడింది. నేను కూర్చుని ఉన్నాను. ఎవరూ తొందర పెట్టలేదు. టౌను బళ్ళో ఐతే ఈ పాటికి గంట కొట్టేవాళ్ళు. చివరికి ఆమె సారు ముందుకొచ్చి చెయ్యి చాచింది. ఆయన జేబులోని బుడ్డలు ఇచ్చాడు. ఆమె వెనక బెంచీలో ఒకరికి గుప్పెడు పోసింది, ఒకరికి నాలుగైదు వేసింది, నాకేమీ వేయలేదు. మళ్ళీ అన్నీ వెనక్కి తీసుకుని ఒకచోట కుప్ప పోసి అందరికీ సమానంగా పెట్టింది. "ఇది సగటు నాయనా" అంది.

"ముందు నాకేమీ రాలేదు కదా పాపా."

"రాలేదు."

"లెక్కలో మాత్రం నాకూ వచ్చినట్టు ఉంటాదా?"

"ఉంటాది నాయనా."

"అయితే తెలిసింది" అన్నాను. ఈసారి నిజంగానే తెలిసింది. సారు జేబులో బుడ్డలు అయిపోయినట్టున్నాయి, నా ముందున్న వాటిలోంచి ఒకటి తీసుకుని ఒలిచాడు.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆమె చెప్పింది. "నాయనా, నాకూ ఇయ్యాల్టి దాకా తెలీదు. బట్టీ కొట్టినా." అంత పొడుగు మాట ఆమె నోట విని చాలా రోజులైంది.

చిన్న బడి వల్ల లాభమేమని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. దాక్కోవడానికి చోటుండదు. పిల్లకు ఉండదు, పిల్ల తండ్రికీ ఉండదు. నా మటుకు నాకు అది చాలా కష్టంగా ఉండేది. శనివారం వస్తోందంటే శుక్రవారం నుంచే అన్నం సయించేది కాదు. ఊళ్ళో నా ఈడువాళ్ళు రచ్చబండ మీద కూర్చుని, "ఏమప్పా, ఇంటరు ఎప్పుడు రాస్తాండావు?" అనేవాళ్ళు. పిల్లలు పాఠం ఒప్పజెప్పడం అయ్యాక మాకు అక్షరాలు దిద్దించేవాళ్ళు. ఆ ఎగతాళి మాటలు చెవిలో పడుతుండగా, గడ్డం నెరిసి, ఆ పిల్లల బెంచీలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గర నా బండి ఆగిపోయింది. పైనున్నది చదివి కిందిది వదిలేసేవాణ్ణి. ఒకనాడు సారు నల్లబల్ల మీద ఒత్తు చూపించి, "పైన తావు లేక కింద కూచుండాదన్నా ఇది. కింద కూచునిందని వదిలేస్తే ఎట్లా? పలకల్ల" అన్నాడు. అప్పటి నుంచి వదలలేదు.

నా కూతురు ఇంజనీరింగు కాలేజీలో చేరింది. హాలు నిండా పిల్లలంట, చెప్పే ఆయన ముఖం కూడా కనబడదంట. చేరిన కొత్తలో ఒకరోజు ఫోన్ చేసింది. "నాయనా, ఇయ్యాల లేసి నిలబడి తెలీలేదని చెప్పినా" అంది.

"ఏమన్నారు?"

"అందరూ తిరిగి చూసినారు. సారు మళ్ళీ చెప్పినాడు. బయటికొచ్చినాక చానామంది నా దగ్గరికొచ్చి మాకూ తెలీలే అన్నారు."

ఫోన్ పెట్టేసి మళ్ళీ చేనులోకి దిగాను. ఈ మాట సారుకు చెప్పాలనుకున్నాను. చెప్పడానికి సిగ్గేసింది. పొగిడినట్టు ఉంటుందని, నా కూతురు గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని, ఏదో ఒకటి. ఆ తర్వాత చెబుదామంటే పాతబడిపోయిన మాటలాగా అనిపించింది.

చివరిసారి ఆయన్ని చూసింది అనంతపురం బస్టాండులో. మనిషి సగమయ్యాడు. స్తంభానికి ఆనుకుని నిలబడి, వచ్చే బస్సుల వైపు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. నన్ను గొంతుతోనే గుర్తుపట్టాడు.

"అన్నా, అదేం బస్సు? కళ్ళద్దాలు ఇంటికాడ మర్చిపోయినా."

నేను ఆయన మెడ చూశాను. దారం లేదు. నిజంగానే మర్చిపోయాడా, చూపే పోయిందా, నన్ను ఆట పట్టిస్తున్నాడా, నాకు తెలియలేదు. బస్సు వైపు తిరిగి, బస్టాండులో అంతమంది మధ్య, కూడబలుక్కుని చదివాను. "గుం... త... క... ల్లు."

"ఒత్తు పలికినావు" అన్నాడు. నా భుజం పట్టుకుని మెట్టెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు కూడా చెప్పలేదు ఆ ఫోన్ సంగతి.

సంతాప సభ మిల్లు షెడ్డులోనే పెట్టారు. నా కూతురికి ఇప్పుడు గుంతకల్లులో ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చింది. మేం పాత అలవాటు కొద్దీ వెనక బెంచీలో కూర్చున్నాం. ఆ కూలామె కూడా వచ్చింది, ముసలిదైపోయింది, ఆమెకు నిజంగానే కళ్ళద్దాలు వచ్చాయి. మౌనం పాటించమన్నారు, లేచి నిలబడ్డాం. మౌనం అయిపోయింది కానీ కూర్చోమని ఎవరూ అనలేదు. బడి ఇప్పుడు చేతికొచ్చిన సారు తమ్ముని కొడుకు మైకు తీసుకుని, టౌను నుంచి వచ్చిన పెద్దమనిషికి ఇచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఫ్లెక్సీ కింద గుర్తు ఎవరిదో అప్పుడు తెలిసింది. వచ్చే ఏడు నుంచి ఈ బడి ఉండదు, టౌనులోని తమ కాలేజీలో కలిపేస్తారు, పిల్లలకు బస్సు వస్తుంది, చల్లటి గదులు, పెద్ద పెద్ద ర్యాంకులు, సారు ఆశయం అక్కడ ఇంకా పెద్ద ఎత్తున నెరవేరుతుంది అని చెప్పాడు. అందరికీ రంగుల కాగితాలు పంచారు. "అర్థమయింది కదా అందరికీ?"

ముందు వరుస నుంచి వెనకదాకా తలలన్నీ ఊగాయి. చేనులో గాలి వచ్చినట్టు. నా తల కూడా ఊగుతోంది. ఊగుతున్నట్టు తెలుస్తోంది, ఆపలేకపోతున్నాను. ఇన్నేళ్ళు అక్కడ కూర్చుని నేర్చుకున్నది ఇదేనా అని ఒళ్ళంతా సిగ్గుతో చచ్చిపోయింది.

కాగితం చూశాను. నాకు కావాల్సిన మాట ఒక్కటే. పై నుంచి కిందికి వేలు పెట్టి వెతికాను.

"సార్" అన్నాను. "ఇందులో శనివారం యాడ రాసినారు? నాకు కనబళ్ళే."

ఆయన నవ్వాడు. "శనివారం సెలవేమీ ఉండదు పెద్దాయనా. ఆ రోజు కూడా క్లాసులే."

"అది కాదు సార్. ఇంటోళ్ళు యాడ కూచుంటారు?"

"ఇంటివాళ్ళు రానవసరం లేదు. మీకు ఏ ఇబ్బందీ ఉండదు. అంతా ఫోనుకే మెసేజి వస్తుంది. అర్థమయిందా?" మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని, చెవిటివాడికి చెప్పినట్టు మళ్ళీ గట్టిగా అన్నాడు, "మెసేజి." ముందు వరుసలో ఎవరో నవ్వారు.

నా కూతురి చెయ్యి నా మోచేతి దగ్గర ఉంది. లాగుతుందేమో అనుకున్నాను. లాగలేదు.

"తెలీలే సార్" అన్నాను. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను, బెంచీ వైపు చూస్తూనే అన్నాను. అని, కూర్చున్నాను. మోకాళ్ళు మళ్ళీ గడ్డానికి తగిలాయి.

పక్కన బెంచీ కిర్రుమంది. కూలామె కూర్చుంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, "నాకూ తెలీలే" అంది. నా కూతురు కూర్చుంది. దాని వయసువాళ్ళు, ఆ బళ్ళో చదివి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, ఒక్కొక్కరే కూర్చున్నారు. ముందు వరుసలోని వాళ్ళకు ఇది ఏమిటో తెలియక నిలబడే ఉన్నారు.

"ఏమిటిది? ఎందుకు కూర్చుంటున్నారు?" అన్నాడు టౌను ఆయన, సారు తమ్ముని కొడుకు వైపు తిరిగి.

అతనూ ఆ బళ్ళో చదివినవాడే. నెత్తి వంచుకుని నేల చూస్తున్నాడు.

"ఇంగో దావన చెప్పండి సార్" అంది నా కూతురు. "మాకేం తొందర లేదు."

ఆయన మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మేం కూర్చుని ఉన్నాం.